బందరులో రేవు వెతుక్కున్న రోజు

ఆరో రోజు పొద్దున కళ్ళు తెరవగానే ముందు కుడి మోకాలు మెల్లగా మడిచి చూసుకున్నాను. అంతకు ముందురోజు కృత్తివెన్ను దాటిన దగ్గర్నుంచి మోకాలిచిప్ప ముందు భాగంలో మొదలైన సలుపు ఇంకా తగ్గలేదు. మంచం దిగేటప్పుడు ఒకసారి, బాత్రూం గడప దాటేటప్పుడు ఇంకోసారి పట్టింది. పక్క మంచం మీద మా మేనల్లుడు అప్పటికే లేచి ఫోన్‌లో మ్యాప్ చూస్తున్నాడు.

"మావయ్యా, కూచిపూడి ఇక్కడికి దగ్గరే. పోయి వచ్చేద్దామా?"

"ఇవాళ సైకిల్ ముట్టుకోకూడదని విశాఖలోనే అనుకున్నాం కదరా" అన్నాను. వాడు ఇంకేం అనలేదు గానీ మ్యాప్ మాత్రం మూయలేదు.

విశాఖపట్నం నుంచి చీరాల దాకా వీలైనంత వరకు సముద్రం పక్క దారినే సైకిళ్ళ మీద వెళ్ళాలని సంక్రాంతి వెళ్ళిన వారం మేమిద్దరం బయలుదేరాం. నాకు యాభై ఒకటి, వాడికి ఇరవై నాలుగు. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్ళే 216 నంబరు జాతీయ రహదారి మా దారికి వెన్నెముక. తుని, కాకినాడ, అమలాపురం, నరసాపురం, ఐదో రాత్రికి మచిలీపట్నం, అంటే బందరు. మొత్తం 360 కిలోమీటర్ల దాకా అయింది. ఇందులో గొప్పేమీ లేదు, మాకంటే ఎక్కువ తొక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ మూడేళ్ళ కిందట నేనొక తప్పు చేశాను. అరకు ఘాట్ రోడ్డు ఎక్కిన మర్నాడు కూడా ఆగకుండా తొక్కి, తర్వాత నాలుగు నెలలు మేడమెట్లు దిగడానికి ఇబ్బంది పడ్డాను. అందుకే ఈసారి ముందే రాసుకున్నాం: ఐదు రోజులు తొక్కడం, ఒక రోజు ఆగడం. ఆగే రోజు పడుకుని ఉంటే ఒళ్ళు ఇంకా బిగుసుకుపోతుంది. నెమ్మదిగా నడవాలి, బాగా తినాలి, నీళ్ళు తాగాలి. ఎక్కడ ఆగాలన్నది కూడా ముందే నిర్ణయించుకున్నాం. బందరులో.

నడక మొదలయ్యేలోపు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. తొక్కేటప్పుడు వేసుకునే నిక్కర్లు, బనియన్లు ఉతికి మేడ మీద ఆరేశాం. ఒరుసుకున్న చోట కొబ్బరినూనె రాసుకున్నాం. లాడ్జి కుర్రాడు పాత గుడ్డ ఒకటి ఇస్తే చైన్లు తుడిచాం. లోసరి వంతెన దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు పక్కలా చెరువులే కదా, ఆ ఉప్పుగాలికి చైను రాత్రికి రాత్రే ఎర్రబారింది. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. నా సీటు కిందికి జారింది. గొట్టం మీద పాత గుర్తు ఎక్కడో లోపలికి పోయింది, అర అంగుళం పైనే. సీటు దిగితే తొక్కిన ప్రతిసారీ మోకాలు అవసరానికి మించి మడతపడుతుంది, ఆ భారమంతా చిప్ప ముందు భాగం మీద పడుతుంది. మనసు తేలికపడింది. నా వయసుకు నొప్పి వచ్చిందని రాత్రంతా దిగులుపడ్డాను, తీరా చూస్తే కారణం ఒక బోల్టు. సాయంత్రం బిగిద్దామని వదిలేసి చెప్పులేసుకుని కిందికి దిగాం.

బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. అల్లప్పచ్చడి బాగుంది, మూడోసారి అడిగి వేయించుకున్నాను. పక్కనే టీ కొట్టు. కొట్టాయన మా వాడి కాళ్ళ మీద నిక్కరు అంచు దాకా నల్లబడి, ఆ పైన తెల్లగా ఉన్న గీత చూసి అడిగాడు.

"ఎక్కడినుంచి బాబూ?"

"వైజాగ్ నుంచండి. సైకిళ్ళ మీద."

"మొక్కా?"

కాదన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, "మొక్కు లేకపోయినా మంచిదేలెండి, ఊళ్ళు చూసినట్టు ఉంటది" అన్నాడు. నేను ఊరికే అడిగినట్టు, "పోర్టుకి ఎటు వెళ్ళాలండీ?" అన్నాను. ఆయన పాలగిన్నె దించి నావైపు తిరిగాడు.

"ఏ పోర్టండీ?"

నాకు అర్థం కాలేదు. ఆయన వేళ్ళు మడిచి చెప్పాడు. పాత రేవు కోట దగ్గర, ఇప్పుడు అక్కడ ఏమీ లేదు. చేపల హార్బరు గిలకలదిండిలో, బోట్లు అక్కడే ఆగుతాయి. కొత్త పోర్టు మంగినపూడి వైపు కడుతున్నారు, లారీలన్నీ అటే పోతాయి. "మీకు ఏది కావాలో దాన్నిబట్టి దారి."

బందరు అంటేనే రేవు. పారసీ మాట అది. రేవు అనే పేరు పెట్టుకున్న ఊళ్ళో రేవు ఎక్కడ అని అడిగితే ఏ రేవు అని తిరిగి అడిగాడు ఆ పెద్దమనిషి. ఆ రోజు ఎటు నడవాలో నాకు అక్కడే తేలిపోయింది.

కోనేరు సెంటరు మీదుగా వెళ్ళాం. సైకిల్ మీద వెళ్ళేటప్పుడు బోర్డులు చదవడం కుదరదు. కళ్ళు గుంటల మీద, చెవులు వెనక వచ్చే బస్సు మీద ఉంటాయి. నడిచేటప్పుడు కొట్ల బోర్డుల మీద చిన్న అక్షరాల్లో ఉండే పేట పేర్లు కూడా చదవొచ్చు. రాబర్ట్‌సన్‌పేట. ఇంగ్లీషుపాలెం. పరాసుపేట. వలందపాలెం. నేను ఒక మందుల కొట్టు ముందు ఆగిపోయాను. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు, వలందులంటే హాలండు నుంచి వచ్చిన డచ్చివాళ్ళు. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ళ రాజ్యానికి పెద్ద రేవు ఇదే. డచ్చివాళ్ళు ముందు వచ్చారు, తర్వాత 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది, ఫ్రెంచివాళ్ళు ఆ తర్వాత. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ అనే ఇంగ్లీషు దొర రాత్రిపూట దాడిచేసి ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి కోట లాక్కున్నాడు. ఇవన్నీ చదువుకున్నవే. కానీ "వలందపాలెం, డోర్ డెలివరీ ఉచితం" అని బోర్డు మీద చూసినప్పుడు చరిత్ర పుస్తకంలోంచి లేచి వచ్చి పక్కన నిలబడినట్టు అనిపించింది. మనవాళ్ళు ఆ పరాయి పేర్లను నోటికి వచ్చినట్టు మలుచుకుని, ఆ మనుషులు వెళ్ళిపోయి వందల ఏళ్ళయినా ఇంటి చిరునామాల్లో దాచుకున్నారు.

ఇంగ్లీషుపాలెంలో సెయింట్ మేరీ చర్చి ఉంది. జాన్ పేటర్ అనే సైనికాధికారి, తాను ప్రేమించిన అరబెల్లా చనిపోతే ఆమె సమాధి ఉన్న చోట ఈ చర్చి కట్టించాడని ఊళ్ళో చెబుతారు. తాళం వేసి ఉంది. కాసేపు చెట్టు నీడలో నిలబడి ముందుకు కదిలాం.

డచ్చి సమాధుల కోసం మూడు చోట్ల అడగాల్సి వచ్చింది. "డచ్చి" అంటే ఎవరికీ తెలియలేదు, "దొరల గోరీలు" అంటే ఒక ముసలావిడ వెంటనే చూపించింది. ప్రహరీ, గేటు, పురావస్తు శాఖ వారి బోర్డు. లోపల అడుగుపెట్టాక మా వాడు కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు. నల్లరాతి పలకలు, వాటి మీద కుటుంబ చిహ్నాలు, అక్షరాలు. మన శాసనాల్లో అక్షరం రాయిలోకి దిగి ఉంటుంది. ఇక్కడ అక్షరం చుట్టూ ఉన్న రాయంతా చెక్కేసి అక్షరాన్ని పైకి ఉబ్బించారు. వేలితో తడిమితే తెలుస్తుంది. అంత పనితనం ఎవరిదో ఏ రాయి మీదా లేదు.

మా వాడు ఒక రాతికి ఫోటో తీసి, మాటలు టైపు చేసి అర్థం చూశాడు. "ఇక్కడ సమాధి అయినవారు ఫలానా అట మావయ్యా" అన్నాడు. పక్క రాయి కూడా అదే మాటతో మొదలైంది. తర్వాతిదీ అంతే. చిన్న సమాధులు కూడా ఉన్నాయి. వాటి దగ్గర మాత్రం వాడు ఫోటో తీయలేదు.

వీళ్ళు ఇంత దూరం వచ్చింది దేనికి? బట్ట కోసం. ముందురోజు సాయంత్రం పెడనలో మంచినీళ్ళ కోసం ఆగినప్పుడు ఒక షెడ్డు ముందు అచ్చు వేసిన గుడ్డలు నేల మీద పరిచి ఆరబెడుతున్నారు. లోపల ఒకాయన చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక దెబ్బ వేస్తున్నాడు. రంగులో ముంచడం, పెట్టడం, దెబ్బ. మేం ఉన్న పది నిమిషాల్లో ఆయన చేయి ఒక్కసారి కూడా గీత తప్పలేదు. నలుపు ఎలా వస్తుందని అడిగాను. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో కొన్ని రోజులు నానబెడితే వచ్చే నీళ్ళతోనట. గుడ్డను ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు కాబట్టి ఆ ఇనుప నీళ్ళు తగలగానే అక్కడ నల్లగా పట్టేస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక. పటిక అద్దిన చోటే ఎర్రరంగు నిలుస్తుంది, మిగతాది కడిగితే పోతుంది. కడగడానికి పారే నీళ్ళు కావాలి. నిలవనీళ్ళయితే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుందని చెప్పాడు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ అచ్చులతో వేస్తారు, రెండింటినీ కలంకారీ అనే అంటారు. ఈ గుడ్డల కోసమే పర్షియా నుంచీ ఐరోపా నుంచీ ఓడలు ఇక్కడికి వచ్చాయి. పెడనలో ఆ అచ్చు దెబ్బ ఇప్పటికీ వినిపిస్తోంది, కొనడానికి వచ్చిన దొరలు ఇక్కడ రాళ్ళ కింద ఉన్నారు. ఈ రెండూ ఒక్కరోజు తేడాలో చూశాను కాబట్టి నాకు ఒకదానికొకటి అతుక్కున్నాయి. బందరు వచ్చేవాళ్ళెవరైనా పెడనలో ఒక గంట ఆగండి. ఆ పని చేసే చేతులకు అడిగేవాళ్ళు కావాలి, కొనేవాళ్ళు ఇంకా కావాలి.

మధ్యాహ్నం భోజనం చేశాక మిఠాయి కొట్టుకు వెళ్ళాం. బందరు లడ్డు కొనకుండా ఎవరూ ఊరు దాటరు, మాకు మాత్రం దానితో ఇంకో అవసరం కూడా ఉంది. దారిలో గంటకోసారి ఏదైనా తీపి తినకపోతే ఒక్కసారిగా కాళ్ళలో సత్తువ పోతుంది. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మే బార్లు నాకు పడవు. కొట్టు యజమాని వెనకవైపు తయారీ చూడనిచ్చాడు. శనగపిండితో సన్నపూస వండి, దాన్ని రోట్లో వేసి దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోసి కలిపి మళ్ళీ దంచుతారు. అందుకే తొక్కుడు లడ్డు అంటారు. రోకలి పోటు పడేకొద్దీ ముద్ద మెత్తబడి నెయ్యి పైకి తేలుతోంది. బూందీ లడ్డులో పలుకు తగులుతుంది, ఇందులో పలుకన్నదే ఉండదు, నాలుక మీద పెట్టగానే దిగిపోతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పన్నెండు లడ్డూలు, పావుకిలో నల్ల హల్వా కట్టించుకున్నాం. పన్నెండులో రెండు అక్కడే అయిపోయాయి.

అక్కడ మా దారులు వేరయ్యాయి. మా వాడు కొంచెం మొహమాటపడుతూ, "మావయ్యా, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి కదా. మంగినపూడి పోయి కొత్త పోర్టు పని చూసి వస్తాను. పోనూ రానూ పాతికే" అన్నాడు. ఒకటి రెండు నిమిషాలు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాడన్నది నిజమే. ఆ నియమం నా మోకాలికి పెట్టుకున్నది, వాడి మోకాళ్ళకు కాదు. "సాయంత్రం గిలకలదిండికి వచ్చెయ్, నేనక్కడ ఉంటాను" అని పంపించాను. నేను కోట వైపు నడిచాను.

ఆ దారిలో ఊరు పలచబడుతుంది. ఇళ్ళ మధ్య ఖాళీలు, ఖాళీల్లో సర్కారు తుమ్మ, నేల మీద అక్కడక్కడా తెల్లటి ఉప్పు పొర. కోట అని చెప్పిన చోట కోట రూపం లేదు. పైకప్పు పోయిన గదులు, నేను రెండు చేతులూ చాచినా అందనంత మందం గోడలు, వాటి పగుళ్ళలోంచి దిగిన రావి వేళ్ళు. ఒక గోడ నీడలో మేకలు పడుకుని ఉన్నాయి. ఓడలు ఇక్కడిదాకా వచ్చేవి కావు. ఈ తీరంలో లోతు లేదు. పెద్ద ఓడలు ఐదు మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి, సరుకూ మనుషులూ చిన్న పడవల్లో రావాల్సిందే. అంత ఇబ్బంది ఉన్న తీరాన్ని ఇంతమంది ఇన్నేళ్ళు వదలకుండా పట్టుకున్నారంటే ఆ గుడ్డల విలువ ఎంతో.

గోడ మీద కూర్చుని నీళ్ళు తాగాను. 1864 నవంబరు 1 రాత్రి ఇక్కడికే ఉప్పెన వచ్చింది. ముప్పై వేల మంది పోయారని లెక్క. ఈ సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఆ ఐదు రోజులు తొక్కి వచ్చిన కాళ్ళతో అక్కడ కూర్చున్నప్పుడు అది ఇంకో రకంగా అర్థమైంది. నరసాపురం నుంచి బందరు దాకా నేను గేరు మార్చిన గుర్తు లేదు. వంతెనల మీద తప్ప ఎక్కడా ఎత్తు లేదు. "ఎంత సుఖమైన రోడ్డురా" అని దారి పొడుగునా సంతోషపడ్డాను. సైకిల్‌కు సుఖమైన నేల నీళ్ళకూ సుఖమే. అడ్డం లేదు, ఎక్కి నిలబడడానికి గుట్ట లేదు. చీకట్లో ఆ నీళ్ళు వచ్చినప్పుడు ఆ మనుషులు ఏ వైపు పరుగెత్తారో! ఏ వైపు చూసినా ఒకే ఎత్తు. మర్నాడు మేం వెళ్ళాల్సిన పులిగడ్డ దారి దివిసీమ అంచున వెళుతుంది. అక్కడ 1977 నవంబరు 19న ఇదే జరిగింది, పది వేల మందికి పైగా పోయారు. మా అమ్మ ఆ రోజుల్లో రేడియో విని ఏడ్చేదని మా అక్క చెబుతుంది. కాసేపు అక్కడినుంచి లేవబుద్ధి కాలేదు. మేకలు కాసే పిల్లవాడు వచ్చి "టైమెంతండీ" అని అడిగితే అప్పుడు లేచాను.

గిలకలదిండి చేరేసరికి నాలుగు దాటింది. మోకాలు బాగానే ఉంది, నడకకు వదులైంది. ముందు వాసన తగిలింది: ఎండుచేప, డీజిలు, బురద. తర్వాత జెండాలు కనిపించాయి, ఆ తర్వాత బోట్లు. ఆ టైములో ఆటు. కాలవలో నీళ్ళు మధ్యలో సన్నగా ఉన్నాయి, ఒడ్డు పక్క బోట్లు బురదలో ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాయి. ఐసు దించుతున్నారు, వలలు బాగుచేస్తున్నారు. ఒక పక్క ఆడవాళ్ళు గోనె పట్టాల మీద రొయ్యలు, పీతలు, చిన్నచేపలు వేరుచేస్తున్నారు. వాళ్ళ చేతులు చూస్తుంటే పొద్దున తడిమిన రాతి అక్షరాలు, నిన్నటి అచ్చు దెబ్బ గుర్తుకొచ్చాయి. ఒకావిడ తలెత్తి, "కొనేదుంటే కూర్చో బాబూ, లేకపోతే వెలుతురుకి అడ్డం లెగు" అంది. పక్కకు జరిగాను.

వల అల్లుతున్న ఒక పెద్దాయన పక్కన కూర్చోమన్నాడు. ఆయన కొడుకు పక్కనున్న బోటు మీద సరంగు, అంటే బోటు నడిపేవాడు, ఆ సాయంత్రం వేటకు బయలుదేరాలి. ఎన్నింటికి అని అడిగాను.

"మనం చెప్తే అవదండి. పోటు రావాలి. మొగ దగ్గర, కాలవ సముద్రంలో కలిసే చోట, ఇసక మేట వేసింది. పోటు మీద అయితే దాటుద్ది, లేకపోతే అడుగు తగులుద్ది."

"రోజూ ఒకే టైముకు రాదా?"

"రాదు. రోజూ ముప్పావుగంట వెనక్కి జరుగుద్ది. అమాసకీ పున్నానికీ బాగా ఎక్కుద్ది. మధ్య రోజుల్లో అంతంత మాత్రం." ఆయన పళ్ళతో దారం తెంపాడు. "గడియారం చూసుకుని బతికేవాళ్ళకి ఇది అర్థం కాదులెండి."

బోటు మొగలో ఇరుక్కుంటే ఏమవుతుందో అడిగాను. అడుగు చెక్క దెబ్బతింటుంది, తెచ్చిన చేప ఐసు కరిగి పాడవుతుంది, ఒక్కోసారి మనిషికే ముప్పు. మేట తవ్వితే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ పూడుతుంది. వందల ఏళ్ళ కిందట పెద్ద ఓడల్ని ఐదు మైళ్ళ దూరాన ఆపేసిన ఆ లోతులేని తీరమే ఇవాళ ఈయన కొడుకును కూడా ఆపుతోంది. కొత్త పోర్టు గురించి అడిగితే వల వైపు చూస్తూనే చెప్పాడు. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది, ఈసారి రాళ్ళు నిజంగానే సముద్రంలో పడుతున్నాయి, మంచిదే, పిల్లలకి పనులొస్తాయి. కొంచెం ఆగి, "మన బోట్లకి దారి ఉంచితే చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటను నేను ఇప్పటికీ వదిలించుకోలేకపోతున్నాను. రేవు కడుతున్నవాళ్ళు ఆయన పక్కన ఒక సాయంత్రం కూర్చుంటే బాగుండును.

మా వాడు చెమటతో వచ్చి సైకిల్ గోడకు ఆనించాడు. మంగినపూడిలో ఇసక నల్లగా ఉందట, చాలా లోపలిదాకా మోకాలిలోతే నీళ్ళట. పోర్టు పని దగ్గరికి పోనివ్వలేదు, దూరం నుంచి రాళ్ళ గట్టు సముద్రంలోకి వెళుతున్నట్టు కనిపించిందట, లారీల దుమ్ము మాత్రం చాలా తిన్నాడట. చెప్పడం అయ్యాక, "ఇక్కడేముంది మావయ్యా?" అన్నాడు.

"పోటు వస్తోంది. కూర్చో."

నిజానికి వస్తున్నట్టు ఏమీ కనిపించలేదు. నీళ్ళు అలా వస్తాయని నేను అనుకోలేదు. అల లేదు, చప్పుడు లేదు. ముందు బురదలో పీతల బొక్కలు నిండాయి. నీళ్ళ మీద తేలే చెత్త, అప్పటిదాకా సముద్రం వైపు పోతున్నది ఒకచోట ఆగి, కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా ఊరి వైపు రావడం మొదలుపెట్టింది. నేనొక తాటిమొద్దును గుర్తు పెట్టుకున్నాను. దాని మొదలు తడిసింది, తర్వాత మొదటి కణుపు మునిగింది. మా వాడు ఫోన్ తీయలేదు. గంట పైనే కూర్చున్నాం. పెద్దాయన వల మడిచిపెట్టి బోటు వైపు చూస్తున్నాడు తప్ప ఏమీ మాట్లాడలేదు.

ముందు వెనక భాగం కదిలింది. పక్కకు ఒరిగి ఉన్న బోటు, నిద్రలో మనిషి పక్కకు తిరిగినట్టు, మెల్లగా నిటారు అయింది. తాడు బిగుసుకుంది. బోటు మీద కుర్రాళ్ళు అప్పటిదాకా పడుకుని ఉన్నవాళ్ళు ఒకరొకరే లేచారు. ఒకడు కొబ్బరికాయ కొట్టాడు, ఒకడు ఇంజను తిప్పాడు. నల్లపొగ ఒకసారి ఎగజిమ్మి, తర్వాత చప్పుడు నిలకడ అయింది. సరంగు తండ్రి వైపు చేయి ఎత్తలేదు, తండ్రి కూడా ఎత్తలేదు. బోటు కాలవ మధ్యకు జరిగి, ముందు పోతున్న ఇంకో రెండిటి వెనక వరసలో చేరింది. మొగ మాకు కనపడదు, మలుపు అడ్డం. పెద్దాయన మాత్రం చప్పుడు వింటూ నిలబడ్డాడు. చాలాసేపటికి "దాటింది" అన్నాడు. మాకు ఏ తేడా వినిపించలేదు.

షేర్ ఆటోలో నేను, పక్కన సైకిల్ తొక్కుతూ వాడు, ఊళ్ళోకి వచ్చాం. బట్టలు ఆరాయి. అన్నం, పప్పు, చేపల పులుసు తిన్నాం. గదిలో సీటు బోల్టు వదులు చేసి, మడమ పెడల్ మీద పెట్టినప్పుడు కాలు తిన్నగా వచ్చేంత ఎత్తుకు లేపి, మళ్ళీ గట్టిగా బిగించాను. జారితే వెంటనే తెలిసేలా గొట్టం చుట్టూ తెల్ల టేపు ఒక చుట్టు వేశాను. లడ్డూలు పది మిగలాలి. లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. మా వాడు దుప్పటి ముసుగు తన్ని నిద్రపోయాడు. పొద్దున ఐదింటికి లేచి, మంచు విడిచేలోపు చల్లపల్లి దాటాలి.